గీత పడక ముందే మమ్మల్ని అడగండి: మాస్టర్ ప్లాన్ విషయంలో పట్టణ ప్రజల వినతిపత్రం

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పురపాలక పరిపాలన, పట్టణాభివృద్ధి శాఖ మంత్రివర్యులకు, శాఖ ముఖ్య కార్యదర్శి గారికి, టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ డైరెక్టర్ గారికి, మా జిల్లా కలెక్టర్ గారికి

పట్టణ వార్డుల ప్రజలు, విలీన గ్రామాల రైతులు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

విషయం: మాస్టర్ ప్లాన్, జోన్ల నిర్ణయం, రోడ్ల వెడల్పు పనుల్లో ప్రజలను మొదటి నుంచీ కలుపుకోవాలని, మా పట్టణ ముసాయిదాను ఆ పని జరిగాకే పైకి పంపాలని కోరడం గురించి.

అయ్యా, అమ్మా,

మా పట్టణ ముసాయిదా మాస్టర్ ప్లాన్‌ను మునిసిపల్ ఆఫీసులో మెట్ల పక్కన గోడకు అంటించారు. నేను చూడబోయిన రోజున దాని ముందు పదిమంది దాకా నిలబడి ఉన్నారు. మెడలు చాచి చూస్తున్నారే గానీ ఎవరికీ తలా తోకా దొరకడం లేదు. కింద రంగుల పట్టిక ఇంగ్లీషులో ఉంది. గల్లీల పేర్లు లేవు. సర్వే నంబర్లు ఉన్నాయి గానీ చీమ తలకాయంత అక్షరాలు. మా గల్లీలో బీడీలు చుట్టే ఒక తల్లి నా చేతిలో భూతద్దం చూసి దగ్గరికి వచ్చింది. "సారూ, మా ఇల్లు ఏ రంగుల వడ్డది?" అని అడిగింది.

ఆమె ఇల్లు వెతకడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. నేను సర్వే శాఖలో గొలుసు లాగి, టిప్పన్లు గీసి, పొలాల గట్ల మీద ఎండకు ఎండి రిటైరైనవాణ్ణి. నక్షాలు చదవడమే నా ఉద్యోగం. నాకే అంతసేపు పట్టిందంటే మిగతావాళ్ళ సంగతి వేరే చెప్పక్కర్లేదు. వార్డు వాళ్ళు ఈ పత్రం రాసే పని నాకు అప్పగించింది కూడా అందుకే.

ఆ పటం స్కేలు 1:10,000. పటం మీద ఒక మిల్లీమీటరు అంటే నేల మీద పది మీటర్లు. నూరు గజాల జాగాలో కట్టుకున్న ఇల్లు అక్కడ ఆవగింజంత. ఎకరం పొలం చిటికెన వేలి గోరంత. కొత్తగా ప్రతిపాదించిన నూరు అడుగుల రోడ్డు మూడు మిల్లీమీటర్ల పట్టీ. గీసేవారి చెయ్యి ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే ఒక ఇల్లు పోతుంది, లేదా ఒక ఇల్లు మిగులుతుంది. అదే రోడ్డు ప్రతి కిలోమీటరుకూ ఏడున్నర ఎకరాలు తీసుకుంటుంది. మా వైపు ఎకరం, ఎకరంన్నర ఉన్న రైతులే ఎక్కువ. ఏడున్నర ఎకరాలంటే ఐదారు కుటుంబాల మొత్తం ఆస్తి.

ఆ తల్లి ఇల్లు చివరికి దొరికింది. పసుపు రంగులోనే ఉంది, అంటే నివాస ప్రాంతమే. కానీ ఇంటి ముందు గల్లీ మీదుగా నల్ల చుక్కల గీత పోతోంది. వెడల్పు చేయబోయే రోడ్డు అది. నేను వేలు పెట్టి చూపించాను. ఆమె కాసేపు ఆ గీతను చూసి, "అడగకుంటనే గీసిన్రా?" అంది.

ఈ వినతిపత్రం మొత్తం ఆ మాట గురించే.

మేం రోడ్లు వద్దనేవాళ్ళం కాదు. మా గల్లీలోకి అంబులెన్సు రాదు. పోయిన ఎండాకాలం ఒక పెద్దాయనను మంచం మీద మోసుకొచ్చి మెయిన్ రోడ్డు మీద బండి ఎక్కించాం. మురుగు కాలువలు కావాలి, పిల్లలకు ఆడుకునే జాగా కావాలి, కూరగాయల మార్కెట్టు కావాలి, చెత్త వేయడానికి ఒక చోటు కావాలి. పట్టణం పెరుగుతున్నప్పుడు ఎక్కడ ఏది రావాలో ముందే అనుకోకపోతే ఎవరికి తోచినట్టు వాళ్ళు కట్టుకుంటూ పోతారు, నీళ్ళు పోయే దారి కూడా మిగలదు. ప్లాను ఉండి తీరాలి. అయితే ఆ ప్లాను ఇక్కడ బతికేవాళ్ళకు తెలిసి, వాళ్ళ మాట విని తయారు కావాలి. ఇప్పుడు జరుగుతున్నది వేరు. కన్సల్టెన్సీ వాళ్ళు ఉపగ్రహ చిత్రాలు తెచ్చుకుంటారు, ఎక్కడో కూర్చుని గీస్తారు, గీసినదాన్ని గోడకు అంటిస్తారు. అప్పుడు మాకు చెప్పేది ఒకటే: అభ్యంతరాలుంటే రాసివ్వండి. ఆలోచన చెప్పడానికి మాకు చోటు లేదు. అభ్యంతరం చెప్పడానికి మాత్రమే ఉంది. అందుకే మాస్టర్ ప్లాన్ అనేసరికి ఊరంతా గొడవకు దిగుతుంది. జనం గొడవపడేవాళ్ళు కాబట్టి గొడవ జరగడం లేదు. ఆఖరి నిమిషం దాకా వాళ్ళను బయట నిలబెడుతున్నారు కాబట్టి జరుగుతోంది.

2023 జనవరిలో కామారెడ్డిలో ఏం జరిగిందో తమకు తెలుసు. ముసాయిదాలో తమ పొలాలను పారిశ్రామిక జోన్‌లో, గ్రీన్ జోన్‌లో చూపించారని చుట్టుపక్కల ఊళ్ళ రైతులకు ఆలస్యంగా తెలిసింది. పంట పండే భూమి, బిడ్డ పెళ్ళికో చదువుకో అమ్ముకుందామనుకున్న భూమి ఒక్క రంగుతో ఎందుకూ కొరగాకుండా పోతుందని భయపడ్డారు. కలెక్టరేట్ ముట్టడించారు, పట్టణం బంద్ చేశారు, హైకోర్టుకు వెళ్ళారు. ఆ బెంగతోనే ఒక రైతు ప్రాణం తీసుకున్నాడని ఆయన తోటివాళ్ళు చెప్పారు. చివరికి జనవరి 20న మునిసిపల్ కౌన్సిల్ సమావేశమై ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. జగిత్యాలలోనూ ఆ నెలలోనే మాస్టర్ ప్లాన్ మీద ఆందోళన లేచింది, అక్కడా వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ ప్లాన్ల మీద పెట్టిన ప్రభుత్వ సొమ్ము, అధికారుల కాలం, రైతుల నిద్ర లేని రాత్రులు అన్నీ వృథా అయ్యాయి. గీయక ముందు ఒక్కో ఊళ్ళో ఒక పూట కూర్చుంటే సరిపోయే పని అది.

పెద్ద నగరాలైనా ఇంతే. ముంబై 2034 అభివృద్ధి ప్రణాళిక ముసాయిదా 2015లో బయటికి వస్తే, ఉన్న కట్టడాలనే తప్పుగా చూపించారని జనం వార్డు వార్డునా ఎత్తి చూపారు. ఆ ఏప్రిల్‌లో మహారాష్ట్ర ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టి మళ్ళీ చేయమంది. ఉపగ్రహానికి కప్పు కనబడుతుంది. కప్పు కింద ఉన్నది బడా, గుడా, దవాఖానా అన్నది ఆ గల్లీ మనిషికే తెలుస్తుంది.

ఈ సంగతి మా పట్టణంలోనే ఒక చోట చూపిస్తాను. ఊరికి పడమర దిక్కున ఒక కుంట ఉంది. దాని మత్తడి దూకితే నీళ్ళు వెనక బస్తీ పక్కనుంచి పారి పెద్ద వాగులో కలుస్తాయి. కొన్నేళ్ళుగా మత్తడి దూకలేదు. దారి పూడిపోయి, తుమ్మలు మొలిచి, చూసేవాళ్ళకు బీడులా కనబడుతోంది. ముసాయిదా పటంలో ఆ దారి లేదు. అది ఖాళీ జాగా అయింది, దాని మీద పసుపు రంగు పడింది. అంటే రేపు అక్కడ ప్లాట్లు చేసుకోవచ్చు, అనుమతి తీసుకుని ఇళ్ళు కట్టుకోవచ్చు. నా పాత నక్షాలో మాత్రం ఆ దారి స్పష్టంగా ఉంది. నక్షా చూడని ముసలివాళ్ళకు కూడా అది తెలుసు. అప్పట్లో మత్తడి దూకినప్పుడు నీళ్ళు ఎంతదాకా వచ్చాయో మా వార్డులో ఒక అవ్వ తన ఇంటి గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తుంది. ఆమె మోకాలి కన్నా జానెడు పైకి ఉంటుంది ఆ చెయ్యి. మున్నేరు పొంగి ఖమ్మంలో కాలనీలు మునిగింది 2024 సెప్టెంబరులోనే కదా. మరుసటి ఏడు ఆగస్టు చివర్లో కామారెడ్డి కాలనీల్లోకి నీళ్ళు వచ్చాయి. నీళ్ళు తమ పాత దారి మరిచిపోవు. ఆ దారి ఎటో అవ్వను అడిగితే చెబుతుంది. ఇంతవరకూ ఆమెను ఎవరూ అడగలేదు.

నూరేళ్ళ కిందట పాట్రిక్ గెడ్డిస్ అనే స్కాట్లండు పెద్దాయన మన దేశంలో పట్టణాలు పట్టుకుని తిరిగాడు. గల్లీలన్నీ కాళ్ళతో నడిచి, చెరువు గట్ల మీద నిలబడి, జనం ఎక్కడ నీళ్ళు పట్టుకుంటున్నారో ఎక్కడ కూర్చుంటున్నారో చూసి, ఆ తర్వాతే కాగితం తీసేవాడు. ముందు సర్వే, తర్వాతే ప్లాను అన్నది ఆయన పట్టు. ఇళ్ళు వరసగా కూలగొట్టి నిటారు రోడ్లు వేయాలన్న ఇంజనీర్లతో ఆయన వాదించాడు, అవసరమైన చోట మాత్రమే కొద్దిగా కోత పెట్టమన్నాడు. అప్పుడు డ్రోన్లు లేవు, కంప్యూటర్లు లేవు. ఇప్పుడు అవన్నీ ఉండి కూడా నడిచే మనిషి లేకపోవడం మాకు బాధగా ఉంది.

మేం కొత్త హక్కులేమీ అడగడం లేదు. ఉన్న చట్టాలే చాలు, అమలు చేస్తే. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. పట్టణ పాలక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలను పన్నెండో షెడ్యూలులో చేర్చారు, వాటిలో మొట్టమొదటిదే పట్టణ ప్రణాళిక. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణం చెబుతోంది. మాలాంటి చిన్న పట్టణాలకు ఆ లోటు ఉండకుండా 2019 తెలంగాణ మునిసిపాలిటీల చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు పెట్టింది: యువకులకు ఒకటి, మహిళలకు ఒకటి, పెద్ద వయసు వాళ్ళకు ఒకటి, ప్రముఖులకు ఒకటి. ఒక్కొక్క దానిలో 15 మంది, వార్డుకు 60 మంది. ఇది చాలా మంచి ఏర్పాటు, మేం మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాం. మా వార్డులో ఆ పేర్లు కాగితం మీద ఉన్నాయి. ముసాయిదా మాస్టర్ ప్లాన్ గురించి ఆ 60 మందిని ఒక్కసారి కూడా పిలవలేదు. వాళ్ళలో ఒకాయనకు తాను కమిటీ సభ్యుడినన్న సంగతే మేం చెబితే తెలిసింది.

2005 సమాచార హక్కు చట్టాన్ని దరఖాస్తు పెట్టుకునే చట్టంగానే చాలామంది చూస్తారు. దాని నాలుగో సెక్షన్ దరఖాస్తు లేకుండానే ప్రభుత్వం చేయాల్సిన పనుల గురించి. ప్రజల మీద ప్రభావం చూపే ముఖ్యమైన విధానం రూపొందిస్తున్నప్పుడే దానికి సంబంధించిన వాస్తవాలన్నీ బయటపెట్టాలి. నిర్ణయం వల్ల బాధితులైన వాళ్ళకు కారణాలు చెప్పాలి. సమాచారాన్ని స్థానిక భాషను దృష్టిలో పెట్టుకుని అందించాలి. ఈ మూడూ ఆ సెక్షన్‌లోనే ఉన్నాయి. రంగుల పట్టిక ఇంగ్లీషులో ఉండడం, అభ్యంతరం ఇచ్చినవాళ్ళకు జవాబు రాకపోవడం మాకు చిరాకు తెప్పించే చిన్న విషయాలు కావు, ఆ సెక్షన్‌ను పాటించకపోవడమే.

విలీన గ్రామాల వాళ్ళ బాధ ఇంకొంచెం లోతుది. ఊరు గ్రామపంచాయతీగా ఉన్నన్నాళ్ళూ వాళ్ళకు గ్రామసభ ఉండేది. అది రాజ్యాంగమే గుర్తించిన సభ. సర్పంచు బల్ల వేసుకుని కూర్చుంటే, ఏ రైతైనా కండువా సర్దుకుని లేచి నిలబడి, ఈ రోడ్డు ఎందుకు, ఆ బోరు ఎక్కడ అని ముఖం మీద అడిగేవాడు. 2018లో కొత్త మునిసిపాలిటీలు ఏర్పడి, పాతవాటిలోకి పక్క ఊళ్ళు కలిసినప్పుడు ఆ ఊళ్ళకు పట్టణం పేరు వచ్చింది, సభ పోయింది. ఇంటి పన్ను మారింది, పాలన దూరమైంది. పొలాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. పట్టణం పెరగాలంటే ఆ పొలాల మీదనే పెరగాలి కాబట్టి, మాస్టర్ ప్లాన్ రంగులన్నీ ఎక్కువగా పడేది వాళ్ళ మీదనే. అడిగే చోటు పోయినవాళ్ళ మీదనే గీతలు పడుతున్నాయి. ఇది అన్యాయం, ఇంతకన్నా మెత్తని మాట మాకు దొరకలేదు.

కాబట్టి మేం కోరేవి ఇవి.

అన్నిటికన్నా ముందు, గీత గీయక ముందు సభ పెట్టాలి. ప్లాను తయారు చేసేవాళ్ళు ప్రతి వార్డుకూ, ప్రతి విలీన గ్రామానికీ ఒక రోజు కేటాయించి అక్కడికి రావాలి. పొద్దున గల్లీలు, పొలాలు, కుంటలు, వాగులు ఆ ఊరి పెద్దలతో కలిసి నడవాలి. సాయంత్రం అందరూ పనుల నుంచి వచ్చాక సభ జరగాలి. బడి పిల్లలు దాటే చోటు, బోనాలు పోయే తొవ్వ, బతుకమ్మ ఆడే జాగా, శ్మశానాలు, మసీదు ముందు శుక్రవారం నిండే రోడ్డు, సంత జరిగే చోటు, మత్తడి దారులు, శిఖం హద్దులు అన్నీ ఆ రోజే నక్షా మీద రాసుకోవాలి. అలా రాసుకున్న పటాన్ని అదే సభలో చదివి వినిపించి, సరేననిపించుకోవాలి. ముసాయిదా దాని మీద మొదలు కావాలి. కౌన్సిల్‌లో కూర్చునే సభ్యులు కూడా ఆ సభలో ఉండాలి.

ముసాయిదా వచ్చాక అది మాకు చదవడానికి వీలుగా ఉండాలి. పట్టణం మొత్తానికి ఒక పటం చాలదు. వార్డుకు ఒకటి, సర్వే నంబర్లూ ఇంటి నంబర్లూ కనబడేంత పెద్దది, తెలుగులో, ఉర్దూ మాట్లాడేవాళ్ళున్న చోట ఉర్దూలో కూడా కావాలి. దాంతోపాటు ఒక పట్టిక: ఫలానా సర్వే నంబరు ఇప్పుడు ఏ వాడకంలో ఉంది, ప్లానులో ఏమవుతుంది, రోడ్డు పోతే ఎన్ని గుంటలు, ఎన్ని గజాలు. ఆ పట్టిక వార్డు ఆఫీసులో, రేషన్ షాపులో, అంగన్‌వాడీలో వేలాడాలి. ఎవరి భూమి మీద గీత పడిందో వాళ్ళకు విడిగా నోటీసు అందాలి. రైతుబంధు డబ్బు పడితే ఫోనుకు మెసేజ్ వచ్చేది. నల్లా బిల్లు కట్టకపోతే ఇంటికి నోటీసు వస్తుంది. పొలం మధ్య నుంచి రోడ్డు పోతోందన్న కబురు మాత్రం పేపర్లో మూలన పడిన ప్రకటన చూసుకుని మేమే తెలుసుకోవాలనడం న్యాయం కాదు.

గడువు గురించి. అభ్యంతరాలకు కనీసం 90 రోజులు ఇవ్వాలి. నాట్ల కాలంలో, కోతల కాలంలో గడువు ముగిసేలా పెట్టవద్దు. దుబాయికో, మస్కట్‌కో, బొంబాయికో పనికి పోయిన వాళ్ళ భూములు మా వైపు చాలా ఉన్నాయి. వాళ్ళు ఫోనులోనో ఇంటి వాళ్ళ ద్వారానో అభ్యంతరం చెప్పుకునే దారి ఉండాలి. ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు కావాలి. ప్రతి అభ్యంతరానికీ ఒప్పుకున్నా సరే, కాదన్నా సరే, కారణంతో రాతపూర్వకమైన జవాబు కావాలి. "పరిశీలించడమైనది" అన్న ఒక్క మాట జవాబు కాదు. వినే కమిటీలో ప్లాను గీసినవాళ్ళు మాత్రమే కూర్చోకూడదు. తాము గీసిన గీతను తామే తప్పు అని చెప్పడం ఎవరికైనా కష్టమే. బయటి నుంచి ఒక ప్రణాళికా నిపుణుడు, ఒక సాగునీటి ఇంజనీరు, వార్డు కమిటీల నుంచి మహిళా సభ్యులు అందులో ఉండాలి. విచారణ అందరి ముందు జరగాలి.

వార్డు కమిటీలు బతకాలి. మూడు నెలలకోసారి కూర్చోవాలి, ఏం మాట్లాడుకున్నారో గోడ మీద అంటించాలి. దళితవాడ నుంచి, బీడీ కార్మికుల నుంచి, కిరాయి ఇళ్ళలో ఉండేవాళ్ళ నుంచి సభ్యులు ఉండాలి. కిరాయిదారులకు భూమి లేదు గనక ప్లాను వాళ్ళకు పట్టదనుకోవడం పొరపాటు. బస్సు ఎక్కడ ఆగుతుందో, నల్లా ఎక్కడ ఉంటుందో అన్నది వాళ్ళ జీవితం. పట్టణ బడ్జెట్‌లో కొంత భాగాన్ని వార్డు సభలకే వదిలి, ఏ పని ముందో వాళ్ళనే తేల్చుకోమనాలి. ఇది గాలిలో మాట కాదు. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరం 1989లోనే ఈ పద్ధతి మొదలుపెట్టింది. కేరళ 1996 ఆగస్టు 17న ప్రజా ప్రణాళిక ఉద్యమం ప్రారంభించి, రాష్ట్ర ప్రణాళికా నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు ఇచ్చింది. పుణె 2006 నుంచి తమ వీధికి ఏం కావాలో పౌరులనే అడిగి బడ్జెట్‌లో చేరుస్తోంది. ఎక్కడా అంతా సవ్యంగా జరగలేదు, ఒప్పుకుంటాం. అడగడం వల్ల పాలన ఆగిపోయిన చోటు మాత్రం మాకు ఒక్కటీ కనబడలేదు.

రోడ్డు పక్కన బతికేవాళ్ళ గురించి ఒక మాట విడిగా చెప్పాలి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడో వంతు మహిళలు. రోడ్డు వెడల్పు అనగానే మా బస్టాండు ముందు గంపలు పెట్టుకునేవాళ్ళనే మొదట లేపుతారు. వాళ్ళను ఎక్కడికి పంపాలన్నది ఆ కమిటీలో తేలాకే యంత్రాలు రావాలి. మాస్టర్ ప్లాన్‌లో వాళ్ళ చోటుకు కూడా ఒక రంగు ఉండాలి.

పాలకవర్గం లేని కాలంలో మాస్టర్ ప్లాన్ ఖరారు చేయవద్దు. 2025 జనవరిలో రాష్ట్రంలో చాలా మునిసిపాలిటీల పాలకవర్గాల గడువు ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చారు. అధికారులు చెత్త ఎత్తించగలరు, నల్లాలు నడిపించగలరు. ఇరవై ఏళ్ళ పట్టణాన్ని నిర్ణయించే పని మాత్రం ఎన్నికైనవాళ్ళది, వాళ్ళను ఎన్నుకున్నవాళ్ళది.

ఇక ప్లాను ఆమోదం పొందాక జరిగే మార్పులు. ఫలానా సర్వే నంబరును వ్యవసాయ జోన్ నుంచి నివాస జోన్‌కు మార్చుతున్నామని చిన్న ప్రకటన వస్తుంది, కొద్ది రోజుల గడువుతో. పక్క పొలం రైతుకు ఆ సంగతి తెలిసేసరికి అక్కడ ప్లాట్ల రాళ్ళు పాతేసి ఉంటారు. ఊరంతా కూర్చుని ఒప్పుకున్న ప్లానును ఒక్కొక్క నంబరుగా విప్పుకుంటూ పోతే మొదట అడిగి లాభమేముంది? ఒక్క నంబరు మార్చాలన్నా ఆ వార్డు సభ ముందుకు రావాల్సిందే.

అధికారుల వైపు నుంచి వచ్చే మాటలు మాకు తెలుసు. జనాన్ని అడిగితే ఏదీ తేలదంటారు. డంపింగ్ యార్డు మా వార్డులో వద్దని ప్రతి వార్డూ అంటుంది, నిజమే. మేమూ అన్నాం. కానీ అన్ని వార్డుల వాళ్ళనూ ఒక్కచోట కూర్చోబెట్టి, ఇదీ రోజుకు పట్టణంలో పోగయ్యే చెత్త, ఇవీ మనకున్న నాలుగు జాగాలు, ఇదీ ఒక్కోదాని ఖర్చు, ఇదీ గాలి వీచే దిక్కు అని ముందు పెడితే, మనుషులు మాట్లాడే తీరు మారుతుంది. తమ వంతు ఎంతో తెలిస్తే ఒప్పుకుంటారు. దాచిపెట్టి మీద పడేస్తే ఎదురు తిరుగుతారు. ఇంకో మాట, సభలకు జనం రారంటారు. జవాబు రాని చోటికి ఎవరూ పదేపదే రారు. ఒక్కసారి జనం చెప్పిన మాట మీద ఒక్క గీత జరగనివ్వండి, రెండో సభకు జాగా చాలదు.

సమయం పట్టే పని ఇది, కాదనం. ఒక ఏడాది ఆలస్యం కావచ్చు. రద్దయిన ప్లాను ఎన్నేళ్ళు వెనక్కి పోతుందో కామారెడ్డి, జగిత్యాల చూసినవాళ్ళకు తెలుసు.

మా పట్టణం విషయంలో మేం వెంటనే కోరేది: ఇప్పటి ముసాయిదాను ప్రభుత్వానికి పంపకుండా ఆపాలి. వార్డు సభలు, విలీన గ్రామాల సభలు జరిపి, పాత రెవెన్యూ నక్షాలతో కుంటలను, వాగులను సరిచూసి, దిద్దిన ముసాయిదాను మళ్ళీ ప్రచురించాలి. అంతవరకు ఈ పటాన్ని చూపించి ఎవరికీ లేఅవుట్ అనుమతులు ఇవ్వవద్దు.

ఈ పత్రంతో మా వార్డు నక్షా ఒకటి జతపరుస్తున్నాం. చార్టు కాగితాలు నాలుగు అతికించి, బడి పిల్లలు, వాళ్ళ అవ్వలు, రైతులు, నేను కలిసి మూడు ఆదివారాలు గీసింది. మత్తడి దారిని నీలి రంగుతో, అంబులెన్సు రాని గల్లీలను ఎర్ర రంగుతో వేశాం. మా లెక్క ప్రకారం రోడ్డును కుంట గట్టు అవతలికి కొంచెం జరిపితే ఒక్క ఇల్లూ పోదు, కొన్ని గుంటల సర్కారు భూమి సరిపోతుంది. మా లెక్క తప్పు కావచ్చు. తప్పయితే ఎక్కడ తప్పో చెప్పమని అడుగుతున్నాం.

అధికారులు ఏ ఆదివారం వస్తామన్నా పొద్దున ఏడింటికి మత్తడి దగ్గర ఉంటాం. గొలుసు నేను తెస్తాను. నీళ్ళు ఎంతదాకా వచ్చాయో చూపించడానికి ఆ అవ్వ కూడా వస్తానంది.

ఇట్లు,
పట్టణ వార్డుల ప్రజలు, విలీన గ్రామాల రైతులు
(సంతకాలు, వేలిముద్రలు జతచేయడమైనది)